సైకిలు ప్రయాణము – వడదెబ్బ

మహానది, పైరి, సోండూరు నదులు కలియు రాజిమ్ క్షేత్రము రాయపూరునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున నున్నది. తెల్లవారుజామున సైకిలుపై బయలుదేరినవాడు ఎండ ముదరక మునుపే అచ్చటికి చేరవచ్చును. చిక్కంతయు తిరుగు ప్రయాణముననే. మే నెలలో ఆ ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటుట పరిపాటి. మధ్యాహ్నము రాజీవలోచనాలయమువద్ద నీడన గడిపి, పొద్దు వాలిన పిమ్మట మరలుట మేలు.

సైకిలు తొక్కువాని చెమటను ఎదురుగాలి వెంటవెంటనే ఆర్చివేయును. చొక్కా పొడిగా నుండుటచే దేహమునుండి ఎంత నీరు పోయినదో అతడు గ్రహింపడు. కావున దాహమునకై వేచియుండక కొంచెము కొంచెముగా నీరు త్రాగుచుండవలెను. చెమటతో ఉప్పు గూడ పోవును గనుక గంటల తరబడి వట్టినీరే చాలదు; ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఛత్తీస్‌గఢ్ రైతు వేసవిలో తిను బోరే బాసి మన చద్దియన్నము వంటిదే. నీట నానిన ఆ యన్నమును ఉప్పు, ఉల్లిపాయలతో తిని అతడు పొలమునకు పోవును. పట్టణవాసి దానిని చిన్నచూపు చూచుట తగదు.

తలనొప్పి, వికారము, కండరముల నొప్పి తోచినచో వెంటనే దిగి నీడకు చేరవలెను. మాట తడబడినను, తెలివి తప్పినను అది వడదెబ్బ కావచ్చును, ప్రాణాపాయకరము. చెమట పట్టుచున్నది గదా యని ఉపేక్షింపరాదు. తోడివారు బట్టలు వదులుచేసి, ఒడలెల్ల తడిపి విసరుచు, 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.