పౌనే పాంచ్ ఎప్పుడవుతుంది?

కుకునూరుపల్లిలో మేము నడిపే సాయంకాలపు మక్తబ్‌కు ఎనిమిదేళ్ళ బాలుడొకడు వరుసగా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. పాఠం ఐదు గంటలకు మొదలవుతుంది. ఇతడేమో ఆరు కావస్తుండగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. మొదటి రోజు మందలించాము. తర్వాతి రెండు రోజులూ పాఠం ముగిసేదాకా నిలబెట్టాము. నాల్గవ రోజు తోటి పిల్లలందరి ముందూ కఠినంగా మాట్లాడాము. అప్పుడతడు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "హజ్రత్! అమ్మీ పౌనే పాంచ్‌కు బయలుదేరమంది. గడియారం చూసుకొనే వస్తున్నాను" అన్నాడు.

గోడ గడియారం దించి అతని చేతికిచ్చి, పౌనే పాంచ్ చూపించమన్నాము. వెనుక ఉన్న మరను తిప్పి, పెద్ద ముల్లును తొమ్మిది మీదికి తెచ్చాడు. చిన్న ముల్లును ఐదు దాటించి ఆరుకు దగ్గరగా నిలిపాడు. అంటే ఐదూ ముప్పావు! తల్లి కుట్టుపనికి వెళుతూ వేళ చెప్పిపోతుంది. ఇంట్లో ఉండే దాదీకి గడియారం చూడడం రాదు. ఇక దిద్దేవారెవరు?

ఆ రాత్రి ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో బోధపడింది. "చిన్న ముల్లు ఏ అంకెను దాటిందో అదే గంట" అని అతనికి నేర్పింది మేమే. పౌన్ అంటే ముప్పావు అని చెప్పిందీ మేమే. అమ్మ నోట ఐదు అన్న మాట వినబడింది గనుక, ముల్లు ఐదు దాటేదాకా ఆ పసివాడు ఓపికగా కూర్చున్నాడు. అతని లెక్కలో దోషం లేదు. మేము చెప్పిన రెండు ముక్కలనూ కలిపి చూశాడు, అంతే. మరునాడు ఆ పిల్లలందరి ముందే అతణ్ణి మన్నించమని అడిగాము.

మన ఇళ్ళలోని పిల్లలకు ఒకే వేళ మూడు పేర్లతో వినబడుతుంది. ఇంట్లో సవా పాంచ్, సాఢే పాంచ్, పౌనే పాంచ్. వీధిలో ఐదుంబావు, ఐదున్నర, పావు తక్కువ ఐదు. బడిలోనూ ఫోనులోనూ ఫోర్ ఫార్టీఫైవ్. చివరి ఉదాహరణ చూడండి: బడిలో నాలుగుగా వినబడే వేళ ఇంట్లో ఐదుగా వినబడుతోంది! ఉర్దూలో మరో చిక్కు కూడా ఉంది. మూడున్నర సాఢే తీన్, నాలుగున్నర సాఢే చార్ అయినప్పుడు ఒకటిన్నర సాఢే ఏక్ కావాలి గదా? కాదు, డేఢ్. రెండున్నర ఢాయీ. పిల్లలు సాఢే ఏక్ అంటే మనం నవ్వుతాము. నవ్వవలసిన పని లేదు, వారు సూత్రాన్ని సరిగానే పట్టుకున్నారు.

అయితే మార్గం కూడా మన రెండు భాషల్లోనే ఉంది. పౌనే అన్న మాటలో "తక్కువ" అన్న అర్థం దాగి ఉంటుంది, పిల్లలకు అది కనబడదు. తెలుగులో పావు తక్కువ ఐదు అన్నప్పుడు అది పైకే వినబడుతుంది. కనుక పౌనేను తెలుగుతోనే విప్పి చెబుతున్నాము: "ఐదు ఇంకా కాలేదు, పావుగంట లోటు ఉంది." ఒక్క వారంలో ఆ చిక్కు వీడింది.

బోధించే క్రమాన్ని కూడా మార్చుకున్నాము. పాడైన గోడ గడియారమొకటి తెచ్చి, దాని పెద్ద ముల్లును ఊడదీసి, చిన్న ముల్లును మాత్రమే ఉంచాము. ఐరోపాలో తొలినాటి యంత్ర గడియారాలకు ఉన్నది కూడా గంటల ముల్లు ఒక్కటే. ఒంటి ముల్లుతో వేళ తెలుస్తుందా అని పిల్లలు మొదట నవ్వారు. మూడుకూ నాలుగుకూ సరిగ్గా మధ్య ఉంటే మూడున్నర, నాలుగును తాకబోతుంటే పావు తక్కువ నాలుగు. చూపు కుదిరేదాకా పది పన్నెండు రోజులు ఇదే పాఠం. నిమిషాల మాట ఎత్తనే లేదు.

ఆ తర్వాతే పెద్ద ముల్లు. ఇక్కడ ఒకే అంకె రెండు పనులు చేస్తుంది. నాలుగు అన్నది చిన్న ముల్లుకు నాలుగు, పెద్ద ముల్లుకు ఇరవై. పెద్దవారమైన మనకిది కష్టమని తోచదు గానీ, ఆరేడేళ్ళ పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. గడియారం అంచున సుద్దతో 5, 10, 15 అని వ్రాసి, ఐదో ఎక్కం అప్పజెప్పించాము. ఎక్కం రాని పిల్లలను తొందరపెట్టలేదు.

అభ్యాసానికి మస్జిద్ గోడ మీది నమాజ్ వేళల పలకను మించినది మాకు దొరకలేదు. ఐదు పూటలకూ, జుమాకూ కలిపి ఆరు చిన్న గడియారాలు. అవి నడవవు. జమాత్ వేళ మారినప్పుడల్లా ముఅజ్జిన్ సాహెబ్ ముళ్ళను చేత్తో తిప్పుతారు. ఒకనాడు పిల్లలను అక్కడికి తీసుకువెళితే, ఏడేళ్ళ బాలిక జుహ్ర్ గడియారం వైపు వేలు చూపి, "హజ్రత్, ఇది తప్పు" అన్నది. ఒకటిన్నరకు పెట్టిన ఆ గడియారంలో చిన్న ముల్లు సరిగ్గా ఒకటి మీదనే ఉంది, సగం దూరం జరగలేదు! ఏళ్ళ తరబడి మేమంతా దాని కిందనే నిలబడి నమాజ్ చేస్తున్నాము. ముఅజ్జిన్ సాహెబ్ నవ్వుతూ నిచ్చెన తెచ్చి ముల్లును సరిచేశారు.

అప్పుడే మరో పిల్లవాడు, మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకే గదా, మరి జుహ్ర్ వేళ ఆ తర్వాత ఎందుకు మొదలవుతుందని అడిగాడు. మంచి ప్రశ్న. మన గడియారాలన్నీ మీర్జాపూర్ వద్దనుండి పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. సిద్దిపేట దానికి సుమారు మూడున్నర డిగ్రీలకు పైగా పడమట ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మన నడినెత్తికి దాదాపు పావుగంట ఆలస్యంగా వస్తాడు. అందులోనూ నిలకడ లేదు. ఫిబ్రవరి నడుమ ఇంచుమించు 12 గంటల 29 నిమిషాలకు, నవంబరు మొదట్లో పన్నెండుకు కాస్త ముందే. ఆవరణలో కర్ర పాతి, నీడ ఎప్పుడు అతి పొట్టిదవుతుందో గుర్తు పెట్టించాము. నమాజ్ నిర్ణీత వేళల్లో విధి అని ఖుర్ఆన్ అన్నిసా సూరాలో (4:103) తెలియజేస్తుంది. ఆ వేళలను పెద్దలు నీడలతోనే కొలిచారు. డమాస్కస్ ఉమయ్యద్ మస్జిద్‌లో కాలగణకులైన ఇబ్నుష్షాతిర్ 1371లో అక్కడి మీనారుకు పెద్ద నీడ గడియారాన్ని అమర్చారు. మన చార్మినార్ 1591 నాటిది, దాని గడియారాలు 1889 నాటివి. పై అంతస్తులోని మస్జిద్‌కు అంతకాలమూ ఆ గడియారాలు లేవు.

ఫోనులో అంకెలు కనిపిస్తుండగా ఈ శ్రమ దేనికని కొందరు తండ్రులు మమ్మల్ని అడిగారు. 2018లో బ్రిటన్‌లోని కొన్ని పాఠశాలలు పరీక్షా మందిరాల్లో ముళ్ళ గడియారాలు తీసివేసి అంకెల గడియారాలు పెట్టాయి, పిల్లలు ముళ్ళను చదవలేకపోతున్నారని. ఫోను ఇప్పుడెంతైందో చెబుతుంది. మగ్రిబ్‌కు ఇంకెంత మిగిలిందో పిల్లవాడి కంటికి చూపించదు. ముళ్ళ గడియారంలో ఆ మిగిలినది జాగాగా కనబడుతుంది. మా అభిప్రాయమిది. ఆ తండ్రులందరూ ఒప్పుకోలేదు.

మస్జిద్‌లో ఎర్రదీపాల ఎలక్ట్రానిక్ పలక పెట్టాలని ఈ మధ్య ప్రస్తావన వచ్చింది. మేము అడ్డు చెప్పలేదు. పాత పలకను మక్తబ్‌కు ఇమ్మని మాత్రం కోరాము. ఇప్పుడది మా గోడకు ఆనించి ఉంది. ఫజ్ర్ గడియారంలో చిన్న ముల్లు వదులై, ఎంత పైకి తిప్పినా జారి ఆరు మీదికి వచ్చేస్తుంది. రోజూ పాఠానికి ముందు దాన్ని సరిచేసే పని పౌనే పాంచ్ బాలుడిది. అందుకని అతడు ఐదుకు పది నిమిషాల ముందే వస్తున్నాడు.