ఎయిర్‌బ్యాగు గల స్టీరింగు చక్రమును విప్పుట యెట్లు?

మన పిల్లలలో కొందరు చదువు ముగిసిన పిమ్మట మోటారు మరమ్మతు షెడ్డులలో పని నేర్చుకొనుచున్నారు. వారు చేపట్టు బండ్లమీది హెచ్చరికలు చాలవరకు ఇంగ్లీషులోనే ముద్రింపబడి యుండును. అందుచేత అట్టి హెచ్చరికలలో నొకదానిని మన భాషలో వివరింపదలచితిమి.

పూర్వము స్టీరింగు చక్రము వట్టి చక్రమే. నడిమి నట్టును విప్పి ఊడదీసినచో పని తీరెడిది. అమెరికా దేశమున డాడ్జి రామ్, ఫోర్డు ఎఫ్-150 అను పికప్ ట్రక్కులకు 1994 మోడలుతో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు, అనగా గాలిసంచి, వచ్చినది. ఆ ట్రక్కులు నేడు ముప్పది యేండ్లు దాటినవి. చక్రము క్రింది స్విచ్చి చెడినచో, చక్రమును తీయవలసి వచ్చును. అపాయ మచ్చటనే యున్నది.

చక్రము నడుమ నున్న మూతక్రింద సంచి మడతపెట్టబడి యుండును. ఆ నాటి సంచులలో సాధారణముగా సోడియము అజైడు అను రసాయనము నింపెడివారు. బండి గట్టిగా ఢీకొన్నప్పుడు విద్యుత్తు ప్రసరించి, ఆ రసాయనము వేడెక్కి, నైట్రోజను వాయువును వెడలించును. కనురెప్ప మూసి తెరచులోపలనే సంచి ఉబ్బును. ప్రమాదములో ప్రాణము నిలుపు ఆ వేగమే, విప్పువాని ముఖమునకు తగిలినచో ఎముకలు విరుగగొట్టగలదు.

తాళపుచెవి తీసితిమి గదా, భయమేమి యని కొందరు తలతురు. అది పొరపాటు. ఢీకొన్న క్షణమున బ్యాటరీ తెగిపోయినను సంచి తెరచుకొనుటకై, కెపాసిటరు అను భాగములో కొంత విద్యుత్తు నిలువచేయబడి యుండును. కావున మొదట ముందు చక్రములను తిన్నగా నుంచి, తాళపుచెవి తీసి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, అది మరల తగులకుండ ప్రక్కకు కట్టవలెను. పిదప వేచియుండవలెను. కొన్ని బండ్లకు రెండు నిమిషములు చాలును; కొన్నింటికి పది నిమిషములు గాని, అంతకు మించి గాని పట్టును. ఆ బండి మరమ్మతు పుస్తకములో చెప్పినంత కాలము ఆగవలెను.

తరువాత సంచిని బిగించిన నట్టులను విప్పి, దానిని మెల్లగా పైకెత్తి, తీగల కొక్కెమును ఊడదీయవలెను. ఆ తీగలను మీటరుతో పరీక్షింపరాదు. మీటరు పంపు కొద్దిపాటి విద్యుత్తుకైనను సంచి పేలవచ్చును. మూతవైపు దేహమునకు ఎదురుగా నుండక, ఆవలికి ఉండునట్లు మోయవలెను. బల్లపై పెట్టునప్పుడు మూత పైకే యుండవలెను. క్రిందికి పెట్టగా పేలినచో, ఆ ఇనుపముద్ద యంతయు పైకెగిరి మీదపడును.

ఇక చక్రము. ఇరుసుమీదను చక్రముమీదను సరిగా నొక గీత గీసికొని, నట్టును విప్పి, పుల్లరుతో లాగవలెను. సుత్తితో కొట్టరాదు, ప్రమాదములో ముడుచుకొనుటకై చేసిన స్టీరింగు స్తంభము దెబ్బతినును. చక్రము క్రింద గడియారపు స్ప్రింగువలె చుట్టిన తీగపట్టీ యొకటి కలదు. దానిని త్రిప్పరాదు. త్రిప్పి బిగించినచో, తరువాత మలుపులో అది తెగి, సంచి పనిచేయదు.

మరల బిగించునప్పుడు గీతలు కలిపి, నట్టును పుస్తకములో చెప్పిన బిగువునకు బిగింపవలెను. బ్యాటరీ తీగను చిట్టచివర కలుపవలెను. అప్పుడు సంచికి ఎదురుగా ఎవ్వరును కూర్చుండరాదు. పిమ్మట తాళపుచెవి త్రిప్పగా ఎయిర్‌బ్యాగు దీపము వెలిగి, కొన్ని క్షణములలో ఆరిపోవలెను. ఆరనిచో ఏదో లోపమున్నది.

మన దేశమున 2019 జూలై 1 నుండి క్రొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరియైనది. కావున ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు; అవియు పాతబడి మన షెడ్డులకు వచ్చును. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: పని నేర్చు పిల్లవాడు అనుభవజ్ఞుడు ప్రక్కన లేనిదే దీనిని ముట్టకుండ చూడుడు. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పిరి. ఇచ్చట ఆ నిదానము కొద్ది నిమిషములు మాత్రమే. దానివలన దక్కునవి మన పిల్లవాని కన్నులు, చేతులు.