వీల్యాన్ స్విచ్ దగ్గరే ఆగిపోతుందా?

ఏడు జిల్లాల బస్తర్ ప్రాంతానికి ఫైబర్ అందించే బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలి దశను ప్రధాని 2018 ఏప్రిల్ 14న బీజాపుర్‌లో ప్రారంభించారు. ఫైబర్ వచ్చిన ఆఫీసులో స్విచ్‌లు పెరుగుతాయి, వాటితోపాటు వీల్యాన్‌ల (అవే స్విచ్‌ల మీద విడివిడిగా నడిచే వర్చువల్ నెట్‌వర్క్‌ల) మీద అపోహలూ. జగదల్‌పూర్‌లో మూడు భవనాల ఆఫీసు ఒకటి ఊహించుకుందాం. వీల్యాన్ 10 అకౌంట్స్‌ది, 20 సీసీ కెమెరాలది.

అపోహ: ఒక్కో స్విచ్‌కి ఒక్కో సబ్‌నెట్ ఉండాలి.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ గంటలు తినేసే అపోహ ఇదే. సబ్‌నెట్ వీల్యాన్‌ది, స్విచ్‌ది కాదు, భవనానిదీ కాదు. వీల్యాన్ 10కి 192.168.10.0/24 ఇస్తే మొదటి భవనంలో 192.168.10.21, మూడో భవనంలో 192.168.10.140 ఉండొచ్చు. రెండింటికీ గేట్‌వే ఒకటే, 192.168.10.1. మధ్యలో ఎన్ని స్విచ్‌లున్నా ఆ కంప్యూటర్లకు తెలియదు. మామూలు లేయర్ 2 స్విచ్‌కి మనమిచ్చే ఐపీ దాన్ని దూరం నుంచి సెట్ చేసుకోవడానికే. భవనానికో సబ్‌నెట్ చొప్పున వీల్యాన్ 10ని ముక్కలు చేస్తే పక్క భవనంతో నేరుగా మాట ఉండదు. అప్పుడు నింద పాపం కేబుల్ మీద పడుతుంది.

అపోహ: స్విచ్‌ల మధ్య వీల్యాన్‌కో కేబుల్ లాగాలి.

వాస్తవం: ఒక ట్రంక్ లింకు చాలు. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ప్రకారం ఫ్రేముకి 4 బైట్ల ట్యాగ్ తగులుతుంది. అందులో వీల్యాన్ నంబరుకి 12 బిట్లు, అంటే వాడుకోదగినవి 4,094. అవతల యాక్సెస్ పోర్టు దగ్గర ట్యాగ్ తీసేస్తారు. చిక్కంతా మధ్య స్విచ్‌లోనే. అక్కడ వీల్యాన్ 20 సృష్టించకపోయినా, ట్రంక్‌లో దాన్ని అనుమతించకపోయినా ఆ పైన కెమెరాలు కనబడవు. పేరు ఒకచోట ‘సీసీటీవీ’, మరోచోట ‘కెమెరా’ అని ఉన్నా ఫర్వాలేదు, నంబరు కలవాలి. ట్యాగ్ లేకుండా వెళ్లే నేటివ్ వీల్యాన్ కూడా రెండు చివర్లా ఒకటే ఉండాలి. లేకపోతే ఒకదాని ట్రాఫిక్ మరోదాంట్లోకి జారుతుంది.

అపోహ: ఒకే స్విచ్‌లో ఉంటే 10, 20 మాట్లాడుకుంటాయి.

వాస్తవం: మాట్లాడుకోవు. రౌటరో, లేయర్ 3 స్విచ్చో ఉండాలి. ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ వేరే వీల్యాన్‌లో ఉంటే రిలే పెట్టాలి.

అపోహ: రెండు స్విచ్‌ల మధ్య రెండో కేబుల్ పెడితే వేగం రెట్టింపు.

వాస్తవం: ఊరికే గుచ్చితే అది లూప్. రాడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన స్పానింగ్ ట్రీ ఉంది కాబట్టి ఒక లింకును ఆపేసి కాపాడుతుంది. స్పానింగ్ ట్రీనే ఆపేసి ఉంటే బ్రాడ్‌కాస్ట్‌లు చుట్టూ తిరిగి ఆఫీసు మొత్తం చతికిలబడుతుంది. రెండూ పనిచేయాలంటే ఎల్ఏసీపీతో జతకట్టాలి.

అపోహ: ఫైబర్ ఉంది కదా, జగదల్‌పూర్ వీల్యాన్‌ను హైదరాబాద్ దాకా సాగదీయొచ్చు.

వాస్తవం: సాగదీయడం సాధ్యమే, కానీ నేనైతే వద్దంటాను. ఇక్కడి లూప్ అక్కడి వాళ్లనూ ముంచుతుంది. దూరపు ఆఫీసుల మధ్య రౌటింగే మేలు. రెండుచోట్లా వీల్యాన్ 10 అనే నంబరే వాడుకోవచ్చు, సబ్‌నెట్‌లు మాత్రం వేర్వేరుగా ఇవ్వాలి.