గాయమునకు తోడు వికిరణము

కూర తరుగునపుడు వ్రేలు తెగును; వారము తిరుగకమునుపే మానిపోవును. ఇది మనకు వింతగా తోచదు. కాని ఆ వారము దినములలో కణములు చేయు పని అల్పమైనది కాదు. తెగిన క్షణముననే రక్తఫలకికలు గుమికూడి నెత్తురును గడ్డకట్టించును. కొన్ని గంటలలో శ్వేతకణములు చేరి సూక్ష్మజీవులను మ్రింగును. రెండు మూడు దినముల పిదప తంతుకణములు విభజన చెందుచు కొల్లాజెను అను మాంసకృత్తును తయారుచేయును. అంచులనుండి చర్మకణములు ప్రాకి గాయమును కప్పును. ఫలకికలకు, శ్వేతకణములకు పుట్టిల్లు ఎముకలలోని మూలుగ.

ఇక వికిరణము సంగతి. (కిరణమును ఉర్దూలో షుఆ అందురు. 1918లో ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైన మన ఉస్మానియా విశ్వవిద్యాలయముకొరకు దారుల్ తర్జుమా విజ్ఞానశాస్త్ర గ్రంథములను ఆ భాషలోనికి తెచ్చినది.) గామా కిరణము కణములోనుండి పోవునపుడు అందలి నీటి అణువులను చీల్చి తీవ్ర చర్యాశీలముగల శకలములను పుట్టించును. అవియు, కిరణము తానును డి.ఎన్.ఏ. పోగులను తెంపును. ఒక గ్రే మోతాదు తగిలినచో ఒక్కొక్క కణములో సుమారు వేయి ఒంటిపోగు తెగుదలలు, నలుబది వరకు జంటపోగు తెగుదలలు ఏర్పడును. మొదటివానిని కణము సులభముగా అతుకుకొనును. రెండవవి సరిగా అతుకనిచో ప్రమాదము. అట్టి కణము చూచుటకు బాగుగనే యుండి, విభజనకు పూనుకొన్నపుడు మరణించును. చురుకుగా విభజించు కణములే వికిరణమునకు ఎక్కువగా లొంగునని ఫ్రాన్సులో బెర్గోనియె, ట్రిబోండో 1906లో చెప్పిరి. లింఫోసైట్లు మాత్రము విభజన లేకయే నశించును.

గాయము మానుటకు కావలసినదేమో కణవిభజన. వికిరణము దెబ్బతీయునదియు దానినే. చిక్కంతయు ఇందే కలదు. పైగా నష్టము వెంటనే బయటపడదు. రక్తములో అప్పటికే యున్న ఫలకికలు మరి కొన్నాళ్లు పనిచేయును. అవి గతించిన పిదప మూలుగనుండి క్రొత్తవి రావు. రెండు మూడు వారములకు గాయము రక్తమోడును, చీము పట్టును. మానుచున్నదనుకొన్న పుండు తిరిగి రేగును.

ఈ రెండును కలిసినపుడు కీడు కేవలము రెట్టింపు కాదు. అమెరికాలో 1952లో ప్రచురితమైన ప్రయోగమొకటి దీనిని స్పష్టపరచినది. దేహములో ఐదవవంతు కాలిన కుక్కలలో నూటికి 12 చనిపోయినవి. నూరు రాంట్‌జన్ల వికిరణము మాత్రమే సోకినవానిలో ఒక్కటియు చావలేదు. రెండును కలిసినచో 73 చనిపోయినవి! ఒంటరిగా ప్రాణాపాయము లేని మోతాదు, కాలిన గాయమును ప్రాణాంతకము చేసినదన్నమాట. 1945లో హిరోషిమా, నాగసాకి పౌరులకు కాలిన గాయములు, కూలిన ఇండ్ల దెబ్బలు, వికిరణము ఏకకాలమున తగిలినవి. 1986లో చెర్నోబిల్‌లో తీవ్ర వికిరణ వ్యాధి సోకిన 134 మందిలో 28 మంది కొలది నెలలలోనే మరణించిరి. వారిలో అనేకులకు చర్మపు కాలిన గాయములే మరణమునకు ముఖ్య హేతువు.

అందుచేత శస్త్రవైద్యునకు గడియారము ముఖ్యము. అత్యవసర శస్త్రచికిత్సలు 36 నుండి 48 గంటలలోపల ముగించి గాయమును మూయవలెను. ఆ గడువు దాటినచో మూలుగ కోలుకొనువరకు, అనగా కొన్ని నెలలు, ఆగుట మేలు.

ఇదంతయు యుద్ధములకు, దూరదేశముల ప్రమాదములకు సంబంధించినదని పాఠకులు తలపవచ్చును. కాదు. శ్రీకాకుళము, విశాఖపట్నము తీరగ్రామములలో చుట్ట నిప్పుకొనను నోటిలోనుంచి త్రాగు అడ్డపొగ అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, ఉన్నది. అది అంగిలి కేన్సరుకు దారితీయునని 1950 దశకముననే వైద్యులు గుర్తించిరి. నోటి కేన్సరుకు కిరణచికిత్స పొందినవారి దవుడ ఎముకలో సన్నని రక్తనాళములు ఇరుకగును, సజీవ కణములు తరుగును. పిమ్మట ఎప్పుడో, సంవత్సరముల తరువాత నైనను, ఒక పన్ను పీకించినచో ఆ చిన్న గాయము మానక ఎముక బయటపడి క్రుళ్లుటయు కలదు. క్రింది దవుడకు రక్తప్రసారము తక్కువ గనుక అపాయము అక్కడ హెచ్చు. కావుననే పుచ్చిన పండ్లను చికిత్సకు రెండు మూడు వారములు ముందుగానే తీసివేసి, చిగురు మానినతరువాత కిరణములు ప్రసరింపజేయుదురు.

మన గోల్నాకనుండి అంబర్‌పేట మీదుగా విశ్వవిద్యాలయ ప్రాంగణము దాటినచో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థయు, దాని కావల హబ్సిగూడలో 1977లో ఏర్పడిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమును కలవు. తెగిన డి.ఎన్.ఏ.ను కణమెట్లు అతుకుకొనును, కొల్లాజెనుకు విటమిన్ సి ఏల కావలెను అను ప్రశ్నలు జీవశాస్త్ర విద్యార్థులకు ఆ రెండు ప్రహరీల లోపలి ప్రశ్నలే. మన ఇండ్లలో కిరణచికిత్స పొందిన పెద్దలున్నచో, పన్ను పీకించుకొనుటకు కుర్చీలో కూర్చుండకమునుపే ఆ సంగతి దంతవైద్యునకు చెప్పవలెను. నోరు తెరచి చూచినంతమాత్రమున ఆయనకు అది తెలియకపోవచ్చును.