తిలాపియాను గుర్తించడం ఎలా?

మన చెరువులలోను, జలాశయాలలోను వల వేసినప్పుడు తరచుగా పైకి వచ్చే చేపలలో తిలాపియా ఒకటి. ఇది ఈ దేశపు చేప కాదు. ఆఫ్రికా ఖండపు ఆగ్నేయ తీరాన ప్రవహించే నదులు దీని జన్మస్థానం. తక్కువ ఖర్చుతో పెంచదగిన ఆహారంగా భావించి 1952లో దీనిని నాటి మద్రాసు రాష్ట్రంలోని మండపానికి తీసుకువచ్చారు. అచిరకాలంలోనే అది అంచనాలకు మించి వృద్ధి చెందింది. తల్లి చేప గ్రుడ్లను, పిల్లలను నోటిలో ఉంచుకొని కాపాడుతుంది. ఏడాదిలో పలుమార్లు గ్రుడ్లు పెడుతుంది. తత్ఫలితంగా చెరువు పిల్ల చేపలతో క్రిక్కిరిసిపోయి, వాటి ఎదుగుదల కుంటుపడుతుంది. 1959లో భారత మత్స్య పరిశోధనా సంఘం దీని వ్యాప్తిని నిషేధించింది. అయినప్పటికీ తమిళనాడులోని అమరావతి వంటి జలాశయాలలో అది స్థిరపడింది.

ఈ చేపను గుర్తించడంలో పొరపడితే నష్టం రెండు విధాలు. పరాయి జాతి కొత్త చెరువుకు చేరిన సంగతి సకాలంలో తెలియదు. దేశీయమైన చేపను పరాయిదిగా ఎంచే ప్రమాదమూ ఉన్నది. ఏలననగా తిలాపియా చెందిన సిక్లిడ్ కుటుంబంలో భారతదేశానికి సహజమైన జాతులు మూడు ఉన్నాయి. వాటిలో సుప్రసిద్ధమైనది కేరళీయుల కరిమీన్. 2010లో దానిని కేరళ రాష్ట్ర మత్స్యంగా ప్రకటించారు. పులికాట్ సరస్సులోను అది లభిస్తుంది.

ముందుగా కుటుంబాన్ని నిర్ణయించుకోవాలి. సాధారణంగా చేపలకు తలకు ఒక్కొక్క ప్రక్క రెండేసి నాసికా రంధ్రాలుంటాయి; సిక్లిడ్‌లకు ఒక్కటే ఉంటుంది. తరువాత పొట్ట వెనుక భాగాన, తోకకు ముందున్న క్రింది రెక్కను విప్పి, అందులోని గట్టి ముళ్లను లెక్కించాలి. కరిమీన్‌కు అవి సుమారు 12 లేక 13 ఉంటాయి. తిలాపియాకు సాధారణంగా 3 మాత్రమే. రంగును నమ్మరాదు, ఋతువును, నీటిని అనుసరించి అది మారుతుంది. సంతానోత్పత్తి కాలంలో మగ తిలాపియా నల్లబడుతుంది, గొంతు తెల్లగాను, రెక్కల అంచులు ఎర్రగాను కనిపిస్తాయి.

తరువాతి కాలంలో నైలు తిలాపియా కూడ మన దేశానికి వచ్చింది. దాని తోక రెక్కపై నిలువు చారలు వరుసగా ఉంటాయి. ఈ రెండు జాతులు సంకరమైనచోట కేవలం కంటిచూపుతో తీర్పు చెప్పడం కష్టం.

శ్రీలంక జలాశయాలలో తిలాపియా మత్స్యకారులకు జీవనాధారమైంది. దాని స్వస్థలమైన ఆఫ్రికాలోనో, నైలు తిలాపియాతో కలిగిన సంకరం వలన అదే ప్రమాదంలో పడింది. కావున ఏ చేపా పుట్టుకతో శత్రువు కాదు. ఏ నీటిలో ఏది ఉన్నదో తెలియకుండా ప్రాణమున్న చేపలను ఒక చెరువు నుండి మరొక చెరువుకు తరలించడమే అనర్థానికి మూలం. ఆ ఎరుకకు తొలి మెట్టు, రెక్కలోని ముళ్లను ఓపికగా లెక్కించడం.