చెరువు చుట్టు ఒకనాటి నడక

అగ్నిపర్వతమనగానే ఇటలీలోని వెసూవియస్ శిఖరమో, జపానులోని ఫ్యూజీ శిఖరమో జ్ఞప్తికి వచ్చును. భారతదేశములో నేడు నిప్పు గ్రక్కుచున్న అగ్నిపర్వతము ఒక్కటే. అది అండమాను సముద్రములోని బారెన్ ద్వీపము. నూటయేబది సంవత్సరములకు పైగా నిద్రించి అది 1991లో మరల మేల్కొన్నది. కాని మదనపల్లెనుండి పుంగనూరు మీదుగ కుప్పము పోవు దారిలో, పొలముగట్టున పడియున్న నల్లరాయి కూడ ఒకనాడు కరిగి ప్రవహించిన నిప్పే యని చెప్పిన నమ్మువారు తక్కువ. నమ్ముటకు పుస్తకముకంటె ఒక దినపు నడక మేలు. అదియు చెరువు చుట్టు నడచిన మరింత మేలు. ఏలయన, ఈ సీమలో రాయి ఎట్లున్నచో నీరు అట్లు నిలిచినది.

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున క్రేటర్ లేక్ అను సరస్సు కలదు. సుమారు 7,700 సంవత్సరముల క్రిందట మజామా అను అగ్నిపర్వతము ప్రేలి, దాని శిఖరము లోనికి కూలి పెద్ద గుంట యేర్పడినది. వాననీరు, మంచునీరు చేరి అది 594 మీటర్ల లోతుగల సరస్సయినది. అట్టి సరస్సు మదనపల్లె సీమలో ఎంత వెదకినను దొరకదు. ఇచ్చటి చెరువులను మనుష్యులు కట్టిరి. ఇక్కడి అగ్ని యెన్నడో చల్లారినది. దాని గుర్తులు నేలలోను, గుట్టలలోను మాత్రమే మిగిలినవి.

ఈ నడకకు పుష్యమాసము తగిన కాలము. ఈ ప్రాంతమును నైరృతి ఋతుపవనము పూర్తిగ ఆదుకొనదు. ఆశ్వయుజ కార్తిక మాసములలో బంగాళాఖాతముమీదుగ వచ్చు వాయుగుండములు కురిసిననే చెరువులు నిండును. ఇది నిండిన యేటి మాట. నిండని యేడు చెరువు నడుమ తుమ్మచెట్లును, వాని నీడన పశువులును కానవచ్చును. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. కావున శీతకాలపు ఉదయమున ఇచ్చట మంచు దట్టముగ కురియును; ఎండ యెక్కినను వేడి బాధింపదు. గాలి పొడిగను, చల్లగను ఉండుటను గమనించియే క్షయరోగులకై 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున చికిత్సాలయమును నెలకొల్పిరి.

సద్దిమూట, నీళ్లసీసా, ఒక భూతద్దము, ఒక చిన్న అయస్కాంతము చాలును. ఉపాధ్యాయునితో గుంపుగ పోవలెను. కుప్పము వైపు అడవి అంచున నున్న చెరువైనచో ఊరివారి నడుగక అడుగు పెట్టరాదు. 1980వ దశకములో తమిళనాడు, కర్ణాటక అడవులనుండి ఏనుగులు ఈ ప్రాంతమునకు వచ్చి నిలిచినవి. వాటికొరకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. తెల్లవారుజామునను, మునిమాపునను అవి నీటికి వచ్చును. ఆ వేళలలో చెరువు వాటిది.

నడక కట్టమీద మొదలగును. కట్ట లోపలివైపు అలల తాకిడికి మట్టి జారకుండ రాళ్లు పేర్చియుందురు. నడుమ నొకచోట తూము కనబడును. దానిగుండ నీరు క్రింది మళ్లకు పోవును. కట్ట చివర మరవ యుండును. చెరువు నిండిన పిమ్మట మిగులునీరు దానిమీదుగ పొరలి వాగున బడి, దిగువనున్న మరియొక చెరువునకు చేరును. ఇట్లు గొలుసువలె ఒకదాని వెంట నొకటి చెరువులు కలవు. ఈ నిర్మాణములో ముఖ్యముగ చూడవలసినది కట్ట యొక్క రెండు కొనలు. అవి తరచు రాతిగుట్టకో, బండకో ఆనుకొనియుండును. రెండు గుట్టలు దగ్గరకు వచ్చినచోట చిన్నకట్టతో పెద్దనీటిని నిలుపవచ్చునని పూర్వులెరుగుదురు. వారికి భూగర్భశాస్త్రము లేదు. కాని ఏ నేల నీటిని త్రాగివేయునో, ఏ రాయి నిలుపునో తెలిసినవారు.

కట్ట దిగి బండ నెక్కినచో అది మదనపల్లె చుట్టును కనబడు రాయియే. హార్సిలీ కొండల బండలును ఈ జాతివే. దీనిని భూతద్దముతో చూడవలెను. తెల్లనివి, లేతగులాబి రంగువి, గాజువలె మెరయునవి, నల్లని పొడలు — ఇట్లు పలుకులు విడివిడిగ కానవచ్చును. ఇది గ్రానైటు జాతి. నేలకు చాల లోతున కరిగిన శిల మెల్లమెల్లగ చల్లారగా పలుకులు పెరుగుటకు వ్యవధి చిక్కినది. బెల్లపుపాకమును నెమ్మదిగ ఆరనిచ్చినచో పలుకులు కట్టుటయు, చన్నీటిలో వేసిన ఉండకట్టుటయు ఇంటింట చూచునదే. రాతిలో పలుకు పెద్దదైనచో చల్లారుట నెమ్మదిగ జరిగినదనియు, సన్ననిదైనచో త్వరగ జరిగినదనియు గ్రహింపవచ్చును. ఈ యొక్క సూత్రము తెలిసినచో తక్కిన నడక అంతయు సులభము.

పుంగనూరు ప్రాంతమున నడచునప్పుడు ఈ లేతరంగు బండల నడుమ హఠాత్తుగ ఒక నల్లని గట్టు ఎదురగును. పెద్ద పెద్ద నల్లగుండ్లను ఎవరో వరుసగ పేర్చినట్లుండును. అది పొలములగుండ, గుట్టలమీదుగ కొన్ని కిలోమీటర్లు సూటిగ సాగిపోవును. తూర్పుపడమరలుగ పోవునవి హెచ్చు. దీనిని ఎవరును పేర్చలేదు. పూర్వము గ్రానైటు నేల నిలువునా బీటలు వారినప్పుడు, క్రిందనుండి కరిగిన శిల ఆ బీటలలోనికి ఉబికివచ్చి అందులోనే గడ్డకట్టినది. బీట ఇరుకు, చుట్టునున్న రాయి చల్లన. కనుక త్వరగ చల్లారి పలుకులు సన్ననివైనవి. ఈ రాయి డోలరైటు. ఇట్టి రాతిగోడను శాస్త్రజ్ఞులు డైకు అందురు. దక్షిణభారతమున ఇట్టి డైకులలో పెక్కు సుమారు 237 కోట్ల సంవత్సరముల నాటివని పరీక్షలవలన తేలినది. పైకి పొంగిన లావా ఎన్నడో కొట్టుకొనిపోయినది. లావా నడచిన ఇరుకుసందులు మాత్రము రాళ్లతో నిండి నిలిచియున్నవి.

గుండ్లు గుండ్రముగ నుండుటకును కారణము కలదు. రాయి పగుళ్లవెంట నీరు దిగి, మూలలను ముందుగ తినివేయును. పిదప ఉల్లిపొరలవలె పైపొరలు ఊడిపోవును. ఊడిన పొర తుప్పురంగున నుండును, ఏలయన ఇందులో ఇనుము హెచ్చు. గట్టు చెంతనున్న వాగులోని ఇసుకలో అయస్కాంతమును త్రిప్పినచో సన్నని నల్లపలుకులు దాని నంటుకొనును. గట్టుకు దూరముగ నున్న ఇసుకలో ఇదే పని చేసి, రెంటిని పోల్చి చూడవలెను.

ఈ నల్లగట్టు చూచుటకు వింతయే గాక రైతు బ్రతుకున కొక ముఖ్యవిషయము. మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో వేయి అడుగులు దాటి దించిన బోరుబావులు కలవు. అప్పుచేసి దించిన బోరున నీరు పడనిచో ఆ కుటుంబపు గతి చెప్పనక్కరలేదు. గ్రానైటు రాతిలో నీరు పగుళ్లలో మాత్రమే కదలును. అట్లు వాలువెంట కదలివచ్చు నీటికి నేలలోపల డైకు అడ్డుగోడవలె నిలుచును. అందుచేత గట్టుకు ఎగువనున్న బావిలో నీరు సమృద్ధిగను, దిగువ బావిలో స్వల్పముగను ఉండుట కలదు. డైకే పగిలి శిథిలమైనచోట అందులోనే నీరు నిలుచుటయు కలదు. కాబట్టి ఒకే సూత్రము అన్ని పొలములకు వర్తింపదు. ఆ చోటు చూచి తెలిసికొనవలసినదే. టెంకాయను అరచేత నిలిపి నీటిచోటు చెప్పువారిని పిలుచుటకంటె గట్టు ఏ దిక్కుగ సాగుచున్నదో నడచి చూచుట ఉపయోగకరము.

ఇదే నల్లరాయికి విపణిలో గిరాకి మెండు. వ్యాపారులు దీనిని నల్ల గ్రానైటు అందురు. శాస్త్రరీత్యా ఇది గ్రానైటు కాదు. నునుపుచేసినచో అద్దమువలె మెరయును. విదేశములలో సమాధిఫలకములకు సయితము దీనిని వాడుదురు. కుప్పము ప్రాంతపు క్వారీలు దీనివలన పేరొందినవి. కూలీలకు పనియు దొరకినది. అయినను గట్టును తొలగించి గొయ్యి లోతుగ దించినచోట నేలలోని అడ్డుగోడకు గండిపడినట్లే. రాయి ధర లెక్కకు వచ్చినంత సులభముగ ఆ నీటి ధర లెక్కకు రాదు.

మధ్యాహ్నమునకు చెరువు వెనుకవైపు చేరవచ్చును. ఇచ్చట నీరు లోతులేదు. కొంగలు, నీటికాకులు, ఉత్తరదేశములనుండి చలికి వచ్చిన బాతులు మేయుచుండును. చెరువు తగ్గినకొలది బయటపడు పచ్చికలో పశువులుండును. మూడడుగులు మించని పుంగనూరు పొట్టిజాతి ఆవు వీనిలో కనబడినచో అదృష్టమే; స్వస్థలముననే అది అరుదైపోయినది. సద్ది తినుటకు ఇంతకంటె మంచిచోటు లేదు.

ఇంతవరకు చూచినది లావా నడచిన దారి. నేలమీద పరచుకొన్న లావానే చూడవలెనన్న కుప్పము దిక్కుగ పోవలెను. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల చుట్టునున్న రాతిపట్టీ ఉత్తరదక్షిణములుగ సుమారు 80 కిలోమీటర్ల పొడవున సాగి, దక్షిణమున కుప్పము ప్రాంతమును తాకును. దాని వెడల్పు మూడునుండి ఆరు కిలోమీటర్లు మాత్రమే. ఈ పట్టీలో హెచ్చుభాగము లావాయే. దాని వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరములు. పుంగనూరు నల్లగట్లకంటె ఇది పెద్దది. తరువాతి యుగములలో భూమి దీనిని నొక్కి, వేడిచేసి, మడచివేయుటచే రూపము మారి ఆంఫిబోలైటు అను ముదురురంగు రాయియైనది. పగులగొట్టిన తావున సూదులవంటి నల్లపలుకులు మెరయును.

అది ఎక్కడ ప్రవహించినదో కూడ రాయి చెప్పును. కోలారు జిల్లాలోని పెద్దపల్లిలో లావా దిండ్లను పేర్చినట్లున్నది. కాగుచున్న లావా నీటిలోనికి దిగినచో పైభాగము వెంటనే గడ్డకట్టి తోలువలె అగును. లోపలిది ఒత్తిడికి తోలు చీల్చుకొని మరియొక ఉబ్బుగ వెలువడును. ఇట్లు దిండుమీద దిండు పేరుకొనును. హవాయి దీవులలో లావా సముద్రమున పడునప్పుడు నేటికిని ఇదే జరుగుచున్నది. కావున ఈ మెట్టభూములున్నచోట ఒకప్పుడు నీరు నిలిచియుండెను. పెద్దపల్లి రాళ్లను జాతీయ భూగర్భ స్మారకముగ గుర్తించియున్నారు. అచ్చట సుత్తి వాడరాదు, కంటితో చూడవలెను.

ఆ రాళ్ల పగుళ్లగుండ పారిన వేడినీరే తెల్లని క్వార్ట్‌జు రాతిచారలలో బంగారమును వదలినది. కోలారులో 1880వ దశకమున ఆధునిక పద్ధతుల తవ్వకము విస్తరించినది. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు సీమలనుండి వేలకొలది కూలీలు వలసపోయిరి. గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినవి. అచ్చట రాతి వేడి అరువది డిగ్రీలకు పైబడియుండెను. ఒత్తిడికి రాయి ఉన్నట్లుండి ప్రేలి పనివారి ప్రాణములు తీసిన దినములును కలవు. మొత్తముమీద సుమారు 800 టన్నుల బంగారము వెలికివచ్చినది. తొలినాళ్ల రాతిలో టన్నుకు నలువది గ్రాములకు పైగ దొరకిన బంగారము, చివరకు ఐదు గ్రాములు కూడ దక్కకపోయెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన కోలారు గనులు మూతపడినవి. కుప్పము ప్రాంతములోని బిసానత్తము, చిగురుగుంట గనులును ఆ సంవత్సరముననే ఆగినవి. నీటిని తోడు పంపులు నిలిచిపోగా కోలారు గనుల సొరంగములు నిండినవి. నీటిలో పుట్టిన ఆ లావా చాలమేర నేడు మరల నీటి అడుగుననే యున్నది.