పామువంటి మీను

నలుబదియేండ్ల క్రిందటి మాట. ఓరుగంటి సీమలోని మా యూరి చెరువున వలలో నొక మలుగు చిక్కినది. పామని తలంచి బాలురు దానిని కఱ్ఱలతో జంపిరి. ఉపాధ్యాయుడనై యుండియు నేను వారింపనైతిని. నేనును పామనియే భ్రమించితిని. రజ్జుసర్పన్యాయమును బోధించువానికే యా భ్రాంతి గలిగెను!

మలుగు పాము కాదు, మీను. పామునకు ఊపిరితిత్తులు గలవు. నీటనున్నను గాలికై పైకి రావలెను. మలుగు మొప్పలతో నీటియందే శ్వాసించును. తలవెనుక మొప్పచీలికలును, వాని చెంత చిన్న రెక్కలును గానవచ్చును. నీరుకట్టె మేనిపై పొలుసులు స్పష్టముగ నుండును. మలుగు మేను జిగురుతో నునుపుగా నుండును.

సముద్రమున దీని దాయాదులు మూడు వందలకు మించిన జాతులు గలవు. వానిని పాముమలుగు లనవచ్చును. కొన్ని వందల అడుగుల లోతున నివసించునవియు వానిలో గలవు. పెక్కింటి తోక డబ్బనమువలె గట్టిగ, మొనదేలి యుండును. దానితో ఇసుకను బొడిచి, తోకవైపునుండి లోనికి దూరి, తల మాత్రము పైకుంచి యెరకై కాచుకొనును. విషముగల కడలిపాము తోక యట్లుగాక తెడ్డువలె బల్లపరుపుగా నుండును.

ఈ రెండు తెగల పిల్లలును అద్దమువంటి యాకుల రూపమున కడలిలో దేలును. మన మలుగు పిమ్మట నదుల కెదురెక్కి, చెరువులలో బెరిగి, తుదకు సముద్రమునకే మరలి గ్రుడ్లుపెట్టి మరణించును. నాడు మేము చంపినది అట్టి దూరపు బాటసారిని. ఇకమీదట వలలో నట్టిది కనబడినచో, కఱ్ఱ యెత్తకముందు మొప్పలకై చూడుడు. సందేహమున్నచో చేతితో ముట్టక నీట విడువుడు.